జేబులో పట్టిన ప్రోగ్రాములు: ప్రోగ్రామబుల్ సైంటిఫిక్ కాలిక్యులేటర్ల చరిత్ర మీద చర్చ

డెల్టా డ్రాఫ్ట్స్‌మన్ (ధవళేశ్వరం)

అందరికీ నమస్కారమండి. ఈ వేదికలో పాత కంప్యూటర్ల మీద బోలెడు చర్చలు నడిచాయి. స్లైడ్ రూల్ మీద కూడా ఒకటి నడిచింది. ఆ రెంటికీ నడుమ వచ్చిన ప్రోగ్రామబుల్ సైంటిఫిక్ కాలిక్యులేటర్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. కాలువల పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. వాటితో చాలాకాలం పనిచేశాను కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు అందుకోండి.

ముందు వరస చెప్తాను. 1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు హెచ్‌పీ-35 తెచ్చారు. సైన్, కాస్, లాగ్ అన్నీ చేసే మిషను చొక్కా జేబులో పట్టడం అదే మొదలు. ధర 395 డాలర్లు. 35 మీటలు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. దానికి ప్రోగ్రాము రాదు. ఒకే లెక్క ఇరవై చోట్ల చెయ్యాలంటే ఇరవైసార్లూ మొదటి మీట నుంచి చివరి మీట దాకా నొక్కాల్సిందే. రెండేళ్లకి, 1974లో హెచ్‌పీ-65 వచ్చింది. అందులో 100 స్టెప్పుల (స్టెప్పు అంటే మిషను గుర్తుపెట్టుకునే ఒక్కో ఆదేశం) ప్రోగ్రాము రాసుకోవచ్చు, రాసినదాన్ని చిన్న మాగ్నెటిక్ కార్డు మీద దాచుకుని కావాలన్నప్పుడు మళ్లీ ఎక్కించుకోవచ్చు. 795 డాలర్లు. 1975 జూలైలో అమెరికా, సోవియట్ నౌకలు అంతరిక్షంలో కలుసుకున్న అపోలో-సోయజ్ యాత్రలో అమెరికన్ వ్యోమగాములు దాన్ని వెంట పట్టుకెళ్లారు.

పుస్తకాల్లో అందరూ 35నే పొగుడుతారు. నా లెక్కలో అసలు మలుపు 65 దగ్గరే వచ్చింది. 35తో లెక్క తొందరగా తెమిలేది, అంతే. 65తో ఒక మామూలు ఓవర్సీరు తన పనికి కావాల్సిన పద్ధతిని తానే తయారుచేసుకుని, జేబులో వేసుకుని గట్టు మీదకి వెళ్లగలిగాడు. అంతకుముందు ఆ పద్ధతి పై ఆఫీసులోనో, అచ్చేసిన టేబుల్ పుస్తకంలోనో ఉండేది.

మా పని ఎలా ఉండేదో తెలియనివాళ్లకి ఒక మాట. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే పూడిక తీయాలి, క్రాస్ సెక్షన్లు తీయాలి, నీళ్లు వదిలేలోగా ఎస్టిమేట్లు అవ్వాలి. ప్రతి సెక్షనుకీ ఏరియా, తడిసిన చుట్టుకొలత, వేగం, డిశ్చార్జి (సెకనుకి పారే నీరు) కట్టాలి. కాలువలో నీటి వేగం కట్టే మానింగ్ ఫార్ములాలో మూడింట రెండో పవర్ ఒకటి ఉంటుంది కదా, దానికోసం క్లార్క్ లాగ్ టేబుల్స్ తిరగేస్తూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్లం. ఒక్క అంకె తప్పు చదివితే ఆ వరసంతా పోయినట్టే.

జగన్నాయకపూర్ మాస్టారు (కాకినాడ)

మంచి విషయం ఎత్తారండి. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, నా వంతు కొంత కలుపుతాను.

జేబులోకి రాకముందు ఇవి బల్ల మీద ఉండేవి. 1965లో ఇటలీ కంపెనీ ఒలివెట్టి ప్రోగ్రామా 101 తెచ్చింది. దానిక్కూడా మాగ్నెటిక్ కార్డు ఉండేది. 1968లో హెచ్‌పీ 9100ఏ వచ్చింది, టైపు మిషనంత సైజు, ధర 4,900 డాలర్లు. ట్రిగనామెట్రీ, లాగ్ అన్నీ చేసేది. హెచ్‌పీ సహస్థాపకుడు బిల్ హ్యూలెట్ దాన్ని చూసి ఇదే నా చొక్కా జేబులో పట్టాలన్నాడు. హెచ్‌పీ-35 పుట్టుక అదీ.

పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. గుణకారమే కష్టమైన అంత చిన్న చిప్పు సైన్ విలువ ఎలా కట్టింది? దాని పేరు కార్డిక్ పద్ధతి. 1959లో జాక్ వోల్డర్ అనే ఇంజనీరు బాంబర్ విమానం నావిగేషన్ కోసం కనిపెట్టాడు. మీకు కావాల్సిన కోణాన్ని ముందే దాచిపెట్టుకున్న కొన్ని చిన్న చిన్న కోణాల మొత్తంగా విడగొట్టుకోవాలి. గీతని ఆ చిన్న కోణాల మేర తిప్పుకుంటూ పోవాలి. ఆ కోణాల్ని ఎలా ఎంచారంటే, ప్రతి తిప్పుకీ కూడిక, తీసివేత, అంకెల్ని ఒక స్థానం జరపడం, ఈ మూడు పనులు చాలు. గుణకారం అక్కర్లేదు. హెచ్‌పీ-35లో డేవిడ్ కాక్రన్ దాన్ని దశాంశ అంకెలకి మలిచాడు. ఒక్క సైన్ విలువకి సెకను లోపు పట్టేది.

ఆ మొదటి మిషన్లలో ఒక తప్పు కూడా దొర్లింది. 2.02కి లాగ్ తీసి, తిరిగి ఆంటీలాగ్ చేస్తే 2 వచ్చేది. కంపెనీ దాచలేదు. కొన్నవాళ్లకి ఉత్తరాలు రాసి, కావాలంటే మార్చి ఇస్తామంది. అది నాకు చాలా నచ్చిన సంగతి. లెక్క చేసే మిషను మీద నమ్మకం అలా నిలబెట్టుకోవాలి.

భీమవరం బీటెక్

మాస్టారూ, చిన్న డౌట్. నా దగ్గర క్యాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ఉంది. అందులో ఫార్ములా టైపు చేసి క్యాల్క్ నొక్కితే ఎన్ని విలువలైనా మార్చి మార్చి వేసుకోవచ్చు. సాల్వ్ కూడా ఉంది. అయినా దాన్ని నాన్-ప్రోగ్రామబుల్ అంటారు. మరి మీరు చెప్పేవాటికీ దీనికీ తేడా ఏంటండి?

డెల్టా డ్రాఫ్ట్స్‌మన్

తేడా ఉంది బాబూ. నీ 991లో ఉన్నది ఒకే ఒక ఫార్ములా. అది "ఇలా అయితే అటు వెళ్లు, అలా అయితే ఇటు వెళ్లు" అనలేదు. చేసిన పనే మళ్లీ చేస్తూ జవాబు కుదిరేదాకా తిరగలేదు. ప్రోగ్రామబుల్ అంటే ఈ రెండూ ఉండాలి, షరతూ తిరుగుడూ. హెచ్‌పీ-65లో రెండూ ఉన్నాయి. అందుకే దాన్ని జేబులో పట్టే కంప్యూటర్ అనే అమ్మారు.

ముక్తేశ్వరం రేవు

ఆయ్, అందరికీ నమస్కారం. పెద్దలు హెచ్‌పీల గురించి చెప్తున్నారు గానీ, మా కోనసీమలో ఎంతమంది చూశారండి వాటిని? మేం చూసింది క్యాసియో. అదీ షాపులో కాదు. కువైట్ నుంచో మస్కట్ నుంచో వచ్చినవాళ్ల పెట్టెలో టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, వాటి మధ్యలో ఒక క్యాసియో. లేదంటే మద్రాసు బర్మా బజారు. మా మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన ఎఫ్ఎక్స్-3600పీతోనే నేను సర్వే పని నేర్చుకున్నాను.

దానికి ఉన్నది 38 స్టెప్పులు. అంతే. పీ1, పీ2 అని రెండు ప్రోగ్రాములు, రెండింటికీ కలిపి ఆ 38. మెమరీలు ఎం ఒకటి, కే1 నుంచి కే6 దాకా ఆరు. ఆపేసినా ప్రోగ్రాము చెరగదు, గుండీ బ్యాటరీ చాలాకాలం వస్తుంది. చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నన్నడిగితే మన జిల్లాల్లో ప్రోగ్రామింగ్ అనేది జనానికి మొదట చేరింది ఈ 38 స్టెప్పుల రూపంలోనే.

పనెలా చేసేదో చెప్తాను. ట్రావర్స్‌లో, అంటే లైను తర్వాత లైను కొలుచుకుంటూ చుట్టి వచ్చే సర్వేలో, ప్రతి లైనుకీ పొడవూ బేరింగూ (ఉత్తరం నుంచి కోణం) ఉంటాయి. పొడవుని కాస్‌తో గుణిస్తే లాటిట్యూడ్, సైన్‌తో గుణిస్తే డిపార్చర్. 84.5 మీటర్ల లైను, 60 డిగ్రీల బేరింగ్ అనుకోండి, ఉత్తరానికి 42.25, తూర్పుకి 73.18. ప్రోగ్రాము నడిపితే అది ఆగి పొడవు అడుగుతుంది, మళ్లీ ఆగి కోణం అడుగుతుంది, రెండు జవాబుల్నీ కే1, కే2లలో కూడుకుంటూ పోతుంది. లంక చుట్టూ తిరిగి మొదలెట్టిన రాయి దగ్గరకి వచ్చేసరికి కే1, కే2 రెండూ సున్నా దగ్గర ఉండాలి. ఎంత మిగిలితే అంత క్లోజింగ్ ఎర్రర్. చైన్‌మన్ ఇంకా చైను చుడుతుండగానే తెలిసిపోయేది. అంతకుముందు గేల్స్ టేబుల్ (ట్రావర్స్ లెక్కల పట్టిక) నిండా రాసుకుని ఇంటికెళ్లి లెక్క కట్టేవాళ్లం. తప్పుంటే మర్నాడు మళ్లీ పడవెక్కి లంకలోకి పోవాలి. వరదొచ్చి రేవు కట్టేస్తే ఆ పని వారాల తరబడి పడిపోయినట్టే.

టంకం పొగ (రాజమండ్రి)

క్యాసియో మాట వచ్చింది కాబట్టి 1979లో వచ్చిన ఎఫ్ఎక్స్-502పీని మర్చిపోకండి. 256 స్టెప్పులు, ఎల్‌సీడీ తెర. ఎఫ్ఏ-1 అనే పెట్టె తగిలిస్తే మామూలు టేప్‌రికార్డరు క్యాసెట్ మీద ప్రోగ్రాములు దాచుకోవచ్చు. పాటల క్యాసెట్ వెనక వైపు ప్రోగ్రాములు ఎక్కించినవాళ్లని నేనెరుగుదును.

హెచ్‌పీకి గట్టి పోటీ ఇచ్చింది మాత్రం టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. 1975లో ఎస్ఆర్-52 తెచ్చారు, కార్డు రీడరుతో, 224 స్టెప్పులతో, హెచ్‌పీ-65 ధరలో సగానికి. 1977లో టీఐ-59. నాకు ప్రాణమైన మిషను అదే. అందులో స్టెప్పులకీ మెమరీలకీ మధ్య గోడ లేదు. ఒక మెమరీ వదులుకుంటే ఎనిమిది స్టెప్పులు వస్తాయి. కావాలంటే 960 స్టెప్పులు పెట్టుకోండి, అప్పుడు మెమరీ ఒక్కటీ ఉండదు. కావాలంటే 100 మెమరీలు పెట్టుకోండి, 160 స్టెప్పులు మిగులుతాయి. వెనక చిన్న మూత తీసి రోమ్ మాడ్యూల్ (ప్రోగ్రాములు ముందే ఎక్కించి ఉన్న చిన్న బిళ్ల) మార్చుకోవచ్చు, ఒక్కోదాంట్లో 5,000 స్టెప్పుల దాకా రెడీమేడ్ ప్రోగ్రాములు. కింద పీసీ-100 ప్రింటరు బిగిస్తే కాగితం మీద అచ్చవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, లెక్క మనం స్కూల్లో నేర్చుకున్న వరసలోనే కొట్టొచ్చు. బ్రాకెట్లు ఉన్నాయి, ఈక్వల్ మీట ఉంది. హెచ్‌పీలో ఈక్వల్ మీటే లేదు. రెండు అంకెలు ముందు వేసి, తర్వాత ప్లస్ నొక్కాలి. రైతు కొడుకు చేతికి అలాంటిది ఇస్తే ఎలా వాడతాడండి?

జగన్నాయకపూర్ మాస్టారు

టంకం పొగ గారూ, నేను పాఠం చెప్పింది రైతు కొడుకులకే. పట్టుకోడానికి పెద్ద టైమేమీ పట్టలేదు. మనం కాగితం మీద కూడిక వేసేటప్పుడు చేసేదీ అదేగా? ముందు రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాస్తాం, తర్వాతే కూడతాం. హెచ్‌పీలో ఆ అంకెల్ని నాలుగు అరల దొంతరలో పెడతారు. బ్రాకెట్లు అక్కర్లేదు, స్టెప్పులు ఆదా. ఆ ఆదా ఎంతో చూపిస్తాను.

హెచ్‌పీ-25 అని 1975లో 195 డాలర్లకి వచ్చింది. కార్డు లేదు, 49 స్టెప్పులు, ఎనిమిది మెమరీలు. మరుసటేడు వచ్చిన 25సీలో ఆపేసినా ప్రోగ్రాము నిలిచి ఉండేది. డ్రాఫ్ట్స్‌మన్ గారు చెప్పిన మానింగ్ లెక్క దాంట్లో ఎలా పడుతుందో చూడండి. అడుగు వెడల్పు 0వ మెమరీలో, పక్కవాలు 1లో, మానింగ్ 'ఎన్' (కాలువ గరుకుదనం చెప్పే అంకె) 2లో, నీటివాలు 3లో ముందే పెట్టుకోవాలి. లోతు కొట్టి నడిపితే డిశ్చార్జి వస్తుంది (స్టో అంటే ఆ నంబరు మెమరీలో దాచడం, రీకాల్ అంటే తిరిగి తీయడం, గోటూ 00 అంటే మొదటికి వెళ్లి ఆగడం):

స్టో 4, రీకాల్ 1, ×, రీకాల్ 0, +, రీకాల్ 4, ×, స్టో 5
(ఇక్కడికి ఏరియా వచ్చింది)
రీకాల్ 1, వర్గం, 1, +, √, 2, ×, రీకాల్ 4, ×, రీకాల్ 0, +
(తడిసిన చుట్టుకొలత, ఏరియా దాని పై అరలో అలాగే కాచుకుని ఉంది)
÷, 2, ఎంటర్, 3, ÷, వై పవర్ ఎక్స్
రీకాల్ 3, √, ×, రీకాల్ 2, ÷, రీకాల్ 5, ×, గోటూ 00

మొత్తం 33 స్టెప్పులు. ఇంకా 16 మిగిలాయి. చుట్టుకొలత కట్టేంతసేపూ ఏరియాని ఎక్కడా రాసుకోనక్కర్లేదు, దొంతరలో దాని అర దానిదే. వచ్చి ÷ నొక్కగానే రెండూ కలుసుకుంటాయి. ఆ ÷ దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నర్సాపురం రిగ్గు

సర్, 1979లో వచ్చిన హెచ్‌పీ-41సీ గురించి ఎవరూ చెప్పలేదు. దాని ముందు మిగతావన్నీ ఒక తరం వెనక. తెర మీద అంకెలే కాదు, అక్షరాలు కూడా వస్తాయి. "లోతు?" అని అదే అడుగుతుంది. పైన నాలుగు సాకెట్లు, అదనపు మెమరీ, కార్డు రీడరు, ప్రింటరు, ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. 1981లో మొదటి స్పేస్ షటిల్ యాత్ర నుంచే వ్యోమగాములు వాటిని పట్టుకెళ్లారు. ఏ గ్రౌండ్ స్టేషనుకి ఎప్పుడు సిగ్నల్ అందుతుందో చూసుకోడానికి వాడేవాళ్లు.

కేజీ బేసిన్‌లో డ్రిల్లింగ్ సైట్లలో పనిచేశాను. మాకు అన్నిటికంటే తొందరగా కావాల్సిన లెక్క కిల్ మడ్ వెయిట్, అంటే తన్నుకొచ్చే గ్యాస్‌ని అణచడానికి బావిలో నింపే డ్రిల్లింగ్ బురద ఎంత బరువుండాలన్నది. కింద నుంచి గ్యాస్ తన్నితే బావి మూసి, డ్రిల్ పైపు మీద ప్రెషర్ చూస్తాం. దాన్ని 0.052తోనూ, నిలువు లోతుతోనూ భాగించి, ఇప్పుడున్న మడ్ వెయిట్‌కి కలపాలి. 10,000 అడుగుల లోతు, 520 పీఎస్ఐ ప్రెషర్ అయితే గ్యాలనుకి ఒక పౌండు పెంచాలి, 10 ఉంటే 11 చెయ్యాలి. లెక్క చిన్నదే. కానీ సైరన్ మోగుతుంటే, చుట్టూ మనుషులు పరిగెడుతుంటే, ఆ టెన్షన్‌లో చిన్న లెక్కే తప్పుతుంది. ముందే పరీక్షించి పెట్టుకున్న ప్రోగ్రాము ఉంటే మనిషి రెండు అంకెలు కొడితే చాలు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలల పైన మండింది. ఆ మంట చూసినవాళ్లెవరూ ఆ లెక్కని చిన్నచూపు చూడరు.

ఆత్రేయపురం

సోవియట్ వైపు కూడా చెప్పుకోవాలండి. విశాలాంధ్ర పుస్తకాల షాపులో మాస్కో మీర్ ప్రచురణల వాళ్ల లెక్కల పుస్తకాలు కొనుక్కుని పెరిగినవాణ్ణి, అందుకని ఈ విషయం వెతికి చదివాను. 1980లో వాళ్ల ఎలెక్త్రోనికా బీ3-34 వచ్చింది. 98 స్టెప్పులు, 14 మెమరీలు, పద్ధతి హెచ్‌పీదే. ఇళ్లలో కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో లక్షలాది కుర్రాళ్లు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది దాని మీదే. 1985లో అక్కడి యువజన సైన్స్ పత్రిక ఒకటి చంద్రుడి మీద నుంచి భూమికి తిరిగి రావడం మీద కథని సీరియల్‌గా వేసింది. ప్రతి భాగానికీ ఒక ప్రోగ్రాము. పాఠకుడు తన కాలిక్యులేటర్ మీద నౌకని దింపుకుంటూ కథ చదవాలి. ఇంధనం అయిపోతే కూలిపోతుంది. అలాంటిదొకటి మన పత్రికల్లో తెలుగులో వచ్చి ఉంటే ఎంత బావుండేదో.

టంకం పొగ

పాత మిషన్లు అటకల మీద ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. బ్యాటరీ చచ్చిపోయిందని తీసేసి, ఛార్జరు ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యకండి. హెచ్‌పీ-25 వరసలో బ్యాటరీ లేకుండా ఛార్జరు పెడితే వోల్టేజి ఎగిరి లోపలి చిప్పు మాడిపోతుంది. ఆ చిప్పు ఎక్కడా దొరకదు. ముందు నికెల్ కాడ్మియం సెల్స్ మార్చండి, కారిన పచ్చటి పొడి వెనిగర్ అద్దిన దూదితో తుడవండి, అది ఆరాకే ఆన్ చెయ్యండి.

టీఐ-59, హెచ్‌పీ-67 కార్డు రీడర్లలో రబ్బరు చక్రం కరిగి జిగురైపోతుంది. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో ఇది ఇంకా తొందరగా అవుతుందని నా అనుభవం. ఆ జిగురు మీద కార్డు తోస్తే కార్డూ పాడు, మోటారూ పాడు. చక్రం ఇరుసు పూర్తిగా శుభ్రం చేసి, సరిపోయే సిలికాన్ ట్యూబు ముక్క తొడిగితే మళ్లీ లాగుతుంది. పొడవు అటూ ఇటూ అయితే కార్డు వంకరగా పోతుంది, అందుకని బ్లేడుతో ఒక్క కోతలో తెగాలి. ఒకాయన అటక మీంచి దించి తెచ్చిన టీఐ-59లో ఇలాగే చేశాను. కార్డు మీద ఆయన పెన్సిలుతో రాసుకున్న "కల్వర్టు" అన్న అక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు, ప్రోగ్రామూ పూర్తిగా ఎక్కింది.

భీమవరం బీటెక్

ఇంత మంచివి మరి ఎందుకు పోయాయండి?

ముక్తేశ్వరం రేవు

పరీక్షలు చంపేశాయి. ప్రోగ్రామబుల్ తెస్తే హాల్లోకి రానివ్వరు కదా. పరీక్షకి పనికిరానిదాన్ని ఏ తండ్రి కొంటాడు? ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో అయితే 2016 నుంచి సొంత కాలిక్యులేటరే లేదు, తెర మీద కనిపించేదే వాడాలి. తరతరాల పిల్లలు క్యాసియో 82, 991 తప్ప ఇంకోటి చూడలేదు.

జగన్నాయకపూర్ మాస్టారు

అది ఒక కారణమే. దానికంటే ముందే దారి రెండుగా చీలింది. 1980లో షార్ప్ పీసీ-1211 బేసిక్ భాషతో వచ్చింది, దాన్ని పాకెట్ కంప్యూటర్ అన్నారు. 1985లో క్యాసియో ఎఫ్ఎక్స్-7000జీ తెర మీద గ్రాఫులు గీసింది, ప్రోగ్రాముకి దాంట్లో 422 బైట్లే. అమెరికాలో అవి స్కూలు పిల్లల చేతికి వెళ్లాయి. ఇంజనీర్ల బల్ల మీదకి పీసీ వచ్చింది. మధ్యలో ఉన్న ఈ జేబు మిషన్లకి చోటు తగ్గిపోయింది.

కానీ పోలేదు. 1982లో వచ్చిన హెచ్‌పీ-15సీ మాట్రిక్సులూ, కాంప్లెక్స్ నంబర్లూ, ఇంటిగ్రేషనూ చేసేది. 1989లో ఆపేశారు. వాడినవాళ్లు పట్టుబట్టి అడుగుతూ ఉంటే 2011లో ఒకసారి, 2023లో ఇంకోసారి మళ్లీ తయారుచేశారు. 1981 నాటి ఫైనాన్స్ మిషను హెచ్‌పీ-12సీ అయితే నేటికీ అమ్ముతున్నారు. నలభై ఏళ్ల కిందటి ఎలక్ట్రానిక్ వస్తువు అదే మీటలతో కొత్తగా దొరకడం ఇంకెక్కడ చూస్తాం?

డెల్టా డ్రాఫ్ట్స్‌మన్

మాస్టారు చెప్పిన చీలిక నిజమే. పరీక్షల విషయంలో రేవు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను, ఇంకొంచెం గట్టిగానే చెప్తాను. పరీక్షలో ఫార్ములాలు దాచుకుంటారని భయం. సరే, పరీక్షలో వద్దు. సర్వే క్యాంపులో, ల్యాబ్‌లో ఎందుకు వద్దు? తన పద్ధతిని తానే స్టెప్పులుగా విడగొట్టి, తప్పెక్కడుందో తానే వెతుక్కుని, వేరే లెక్కతో సరిచూసుకునే అలవాటు రెండో ఏడాది డిప్లొమా కుర్రాడికి ఈ మిషన్లు నేర్పేవి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన డిశ్చార్జి చూసి అది నిజమా కాదా అని అడిగే జూనియర్ ఇంజనీర్లు తక్కువైపోయారు. నాకు బాధగా ఉండేది ఆ ఒక్క విషయమే. వంతెన కింద ఖానా ఎంత పెట్టాలో తేలేది ఆ అంకె మీదే కదా.

భీమవరం బీటెక్

ఫోన్‌లో ఫ్రీ42 వేసుకున్నానండి, ఉచితమే. అది హెచ్‌పీ-42ఎస్‌కి నకలు. మాస్టారి 33 స్టెప్పులు ఎక్కించాను. పైన లేబుల్ 01 ఒకటి పెట్టి, చివరి గోటూ 00 బదులు రిటర్న్ వెయ్యాల్సి వచ్చింది, మిగతాదంతా అదే. అడుగు వెడల్పు 6 మీటర్లు, పక్కవాలు 1, ఎన్ 0.025, వాలు 10,000కి 1 వేసి, లోతు 1.5 కొడితే 4.79 వచ్చింది. కాగితం మీద కూడా చేసి చూశాను, ఏరియా 11.25, చుట్టుకొలత 10.24, వేగం సెకనుకి 0.426 మీటర్లు. సరిపోయింది.

ఇప్పుడు తిరగేసి అడగాలంటే? 6 క్యూమెక్కులు (సెకనుకి 6 ఘనపు మీటర్లు) వదిలితే నీళ్లు ఎంత లోతు నిలబడతాయి?

జగన్నాయకపూర్ మాస్టారు

సరైన ప్రశ్న. లోతు ఫార్ములా లోపల ఇరుక్కుని ఉంది, నేరుగా బయటికి రాదు. అందుకే తిరుగుడు కావాలి. మిగిలిన 16 స్టెప్పులు అందుకే. కావాల్సిన డిశ్చార్జి 6వ మెమరీలో పెట్టు. చివరి గోటూ 00 తీసేసి ఇవి కలుపు:

రీకాల్ 6, ఎక్స్ వై మార్పిడి, ÷, చుక్క, 6, వై పవర్ ఎక్స్, రీకాల్ 4, ×, పాజ్, గోటూ 01

మొత్తం 42. కావాల్సినదాన్ని వచ్చినదానితో భాగించి, దాని 0.6 పవర్‌తో పాత లోతుని గుణిస్తున్నాం. వెడల్పాటి కాలువలో డిశ్చార్జి లోతు మీద మూడింట ఐదో పవర్‌గా పెరుగుతుంది, అందుకని తిరగేస్తే 0.6. మన కాలువ అంత వెడల్పు కాకపోయినా పర్లేదు, రెండు మూడు తిరుగుళ్లలో కుదురుకుంటుంది. పాజ్ దగ్గర ప్రతి కొత్త లోతూ ఒక సెకను కనిపిస్తుంది. మారడం ఆగాక నువ్వే ఆపెయ్యి.

భీమవరం బీటెక్

1.5తో మొదలెట్టానండి. 1.717, తర్వాత 1.708, ఆ తర్వాత మూడో దశాంశం కదల్లేదు. 1.71 మీటర్లు!

ఎన్ విలువ 0.030 చేసి మళ్లీ నడిపాను. 1.90 దగ్గర ఆగింది. ఎన్ కొంచెం మారితే అంత తేడానా? ఎప్పుడైనా 0.030 వస్తుందా అసలు?

డెల్టా డ్రాఫ్ట్స్‌మన్

వస్తుంది బాబూ. గుర్రపుడెక్క పట్టి, గట్ల మీద తుంగ పెరిగితే 0.030 దాటి కూడా పోతుంది. పైనుంచి వదిలిన నీళ్లు అవే 6 క్యూమెక్కులు, వాలూ అదే, కానీ నీళ్లు 19 సెంటీమీటర్లు పైకి లేచాయి. గట్టుకి ఆ 19 సెంటీమీటర్లు ఖాళీ లేకపోతే పక్క చేలోకి పొర్లుతుంది. ఎగువ రైతు ముంపు అంటాడు, దిగువ రైతు నీళ్లు రాలేదంటాడు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఎన్ విలువ పుస్తకం చూసి వెయ్యకు. మీ ఊరి కాలువ మీద లాకు దగ్గర గేజీ ఉంటే లోతు చదువు. తిన్నగా ఉన్న చోట పొడవు కొలుచుకుని, ఒక ఎండుకొబ్బరి డొక్క వదిలి, ఎంతసేపట్లో దాటిందో చూడు. పైన తేలేది సగటు కంటే వేగంగా పోతుంది కాబట్టి ఆ వేగాన్ని 0.85తో గుణించు. రెండు చివరలా నీటిమట్టం లెవెల్ తీసి వాలు కట్టు, కాలేజీ లెవెలింగ్ పరికరం అడిగితే ఇస్తారు. అప్పుడు అదే ప్రోగ్రాములో ఎన్‌ని మారుస్తూ నీ కొలతకి సరిపోయేదాకా నడుపు. వచ్చిన విలువా, గడ్డి ఎలా ఉందో ఫొటో తీసి అదీ, రెండూ ఇక్కడ పెట్టు. రేవు గారూ, మీ వైపు కాలువ మీద కూడా ఒకటి తీయగలరా? రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముక్తేశ్వరం రేవు

తప్పకుండా అండి. నీళ్లు నిలకడగా వదిలాక తీస్తాను. 3600పీతోనే లెక్క కడతాను, పక్కవాలు 1 అని ఖాయం చేసుకుంటే 38లో పట్టించగలనేమో చూడాలి.